దిగని నాగూరు మీటరు

నేను ఒక సైకిలు మీటరుని. అబద్ధం ఆడటం నాకు రాదు గాని, నా చేత ఆడించారు. ఆ సంగతి చెప్పుకుంటే తప్ప నా కథ ముందుకు సాగదు.

అగ్గిపెట్టెలో సగం ఉంటాను. ముందు చక్రం ఇరుసు పక్కన నన్ను బిగిస్తారు. స్పోకుకు కట్టిన చిన్న ఇనప ముక్క చుట్టుకొకసారి వచ్చి నా చెవి మెలిపెడుతుంది, టిక్కుమని. అలాంటి టిక్కులు నాలుగు వందల డెబ్బై అయితే ఒక కిలోమీటరు. నాకు వచ్చిన చదువు అంతే. చక్రాన్ని కాలితో తిప్పారో చేతితో తిప్పారో దీనికేం తెలుస్తుందిలే అని మనుషులు అనుకుంటారు. ఎందుకు తెలియదు? రోడ్డు మీద తిరిగే చక్రానికి మనిషి బరువు ఉంటుంది, కంకర వణుకు ఉంటుంది. గాలిలో తిరిగేదానికి అవేమీ ఉండవు. తెలిసినా చెప్పడానికి నా మొహాన అంకెలే ఉన్నాయి, నోరు లేదు.

లూధియానాలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. రైలెక్కి చీరాల వచ్చాను. మొదట ఒక గుమాస్తా నన్ను ముచ్చటపడి కొన్నాడు. ఇంటి నుంచి ఆఫీసు ఎంత దూరమో ఆయనకు తెలుసుకోవాలని ఉండేది. రెండు కిలోమీటర్ల చిల్లర అని మొదటి రోజే తేలిపోయింది. ఆ తర్వాత నాతో ఏం చేయాలో పాపం ఆయనకు తోచలేదు. రెండేళ్ళు అదే దూరం కొలిపించి, చివరికి నన్ను దూదేకుల నాగూరుకు ఇచ్చేశాడు.

నాగూరు అంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఊరూరా తిరిగి, మైదానంలో ముగ్గుతో గుండ్రంగా గీత గీయించి, ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ సైకిలు దిగకుండా తొక్కేవాడు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, ఆఖరికి క్షవరం కూడా. మైకులో పాటలు మోగుతుంటే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూసేవాళ్ళు. పక్కన ఒక నల్లబల్ల మీద నా అంకెలు గంట గంటకూ రాసేవాళ్ళు. చీరాల గడియారస్తంభం పక్క మైదానంలో ఏడో రోజు ఆయనకు 'దిగని నాగూరు' అని బిరుదిచ్చి శాలువా కప్పారు.

దిగాడండీ. రోజూ దిగాడు. మిట్టమధ్యాహ్నం జనం అన్నాలకు వెళ్ళగానే డేరా వెనక్కి పోయి, సైకిలు బావమరిది ఖాదరుకు అప్పజెప్పి, చాప మీద రెండు గంటలు పడుకునేవాడు. ఖాదరు హ్యాండిలు ఎత్తి పట్టుకుని ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ కూర్చునేవాడు. జనం తిరిగొచ్చేసరికి నా అంకెలు తడుముకోకుండా ముందుకు పోయి ఉండేవి. తిలా పాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడూ ఉంది.

ఆ పందేలకు కాలం చెల్లాక నన్ను ఊడదీసి, శాలువాలో చుట్టి బీరువాలో పెట్టారు. అందులోంచి నన్ను మళ్ళీ వెలుగులోకి తెచ్చింది నాగూరు కూతురు సైదాబీ. హైస్కూల్లో డ్రిల్లు టీచరు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉంటుంది. భూగోళం చుట్టూ సైకిలు మీద తిరిగొచ్చి రికార్డు కొట్టాలని పదేళ్ళుగా కాళ్ళకు బలపాలు కట్టుకుని సాధన చేసిన పిల్ల. ఆఖరికి బయలుదేరే రోజు వచ్చేసరికి, పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని కూడా బరువని సగానికి విరగ్గొట్టుకుంది. నన్ను మాత్రం బిగించుకుంది.

"అదెందుకమ్మా, బరువు," అన్నాడు నాగూరు. ఆయన మొహం నాకు కనబడింది. తేలు కుట్టిన దొంగ మొహం.

"నువ్వు దిగలేదు గదా నాయనా. ఇది చూస్తా ఉంటే నాకూ దిగబుద్ది కాదు," అంది సైదాబీ.

ఆ రికార్డుకు నియమాలు కొన్ని ఉన్నాయి. చీరాల గడియారస్తంభం దగ్గర బయలుదేరి, తూర్పుగానే పోతూ, మళ్ళీ అక్కడికే రావాలి. సముద్రాల మీద విమానం ఎక్కవచ్చు. నేల మీద మాత్రం ప్రతి అడుగూ సొంత కాళ్ళతోనే దాటాలి, తొక్కినా సరే, నడిచినా సరే. ఎక్కడైనా బండి ఎక్కితే, ఎక్కిన చోటికే తిరిగి వెళ్ళి అక్కడి నుంచి మళ్ళీ రావాలి. దారంతా కనిపెట్టడానికి ఒక శాటిలైటు పెట్టె ఇచ్చారు. ఆ పెట్టె ఆగిపోతే మీటరు అంకె, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. పాత రికార్డు విరగాలంటే నూట నలభయ్యో రోజు సాయంత్రం ఆరు గంటల్లోపు ఆమె చెయ్యి స్తంభానికి తగలాలి.

నూట ముప్పై తొమ్మిది రోజుల సంగతి వివరంగా చెబితే మీకు నిద్ర వస్తుంది. నా అంకెలు రెండుసార్లు నిండి మళ్ళీ సున్నాల నుంచి మొదలయ్యాయి. ఆస్ట్రేలియా ఎడారిలో మలుపే లేని రోడ్డు మీద ఆమె ఏడుస్తూ తొక్కింది. టర్కీ కొండల్లో వేళ్ళు కొంకర్లు పోయి, బ్రేకు పట్టడానికి మణికట్టు వాడింది. ఆగిపోదామనిపించినప్పుడల్లా వంగి నన్ను చూసేది. ఆ చూపు పడ్డప్పుడల్లా నాకు సిగ్గేసేది. నేనే గనక మాట్లాడగలిగితే, అమ్మా, నన్ను చూడకు, రోడ్డు చూసుకో అని ఉండేవాణ్ణి.

ఆఖరి రోజు. తుఫాను వాన. అద్దంకి ఇంకా ఏడు కిలోమీటర్లుందనగా వాగు పొంగి చప్టా మీద పారుతోంది. పొద్దున పదకొండయింది. శాటిలైటు పెట్టెలోకి నీళ్ళు పోయి అది అంతకుముందే కన్ను మూసింది. సైదాబీ ముందు రోజు నుంచీ నిద్ర పోలేదు. వాగు ముందు నిలబడి ఊగుతోంది.

పొగాకు నాట్లు ఆగిపోయి ఇళ్ళకు పోతున్న ఆడకూలీలు ట్రాక్టరు మీద వచ్చారు. "ఏంది తల్లీ ఆ ఊగటం, కొట్టకపోతావు," అని ఒక పెద్దమ్మ ఆమెను రెక్క పట్టి ట్రక్కులోకి లాగింది. సైకిలు కూడా ఎక్కించారు. సైదాబీ అనుకున్నది వేరు. అవతలి గట్టు మీద దిగుదాం, నీళ్ళు తగ్గాక ఇవతలికొచ్చి మళ్ళీ నడిచి దాటుదాం అనుకుంది. కానీ ట్రక్కు గోడకు వీపు ఆనగానే కళ్ళు మూతలు పడ్డాయి. చప్టా దాటాక డ్రైవరు చెంచయ్య బండి ఆపాడు.

"పాపం, పండుకోనీరా. లేపబాకండి," అంది పెద్దమ్మ.

ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని, పైన పట్టా కప్పింది. కుదుపులు తగలకుండా చెంచయ్య బండిని మెల్లగా నడిపాడు. ఏడు కిలోమీటర్లు. నేను ఒక్క టిక్కు అనలేదు. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదయింది.

అద్దంకి మొగదల టీ కొట్టు దగ్గర నాగూరు, ఖాదరు స్కూటరు వేసుకుని వచ్చి ఎదురు చూస్తున్నారు. కూతుర్ని బల్ల మీద పడుకోబెట్టారు. చెంచయ్య జరిగింది చెప్పాడు. నాగూరు నా అంకె చూశాడు, వాగు వైపు చూశాడు, గడియారం చూశాడు. పన్నెండున్నర. చీరాల ఇంక నలభై అయిదు కిలోమీటర్లు. ఇక్కడి నుంచి తొక్కితే నాలుగింటికల్లా హాయిగా చేరుతుంది. వాగు దగ్గరికి తిరిగి పోతే చేరదు.

పెట్టె ఎలాగూ చచ్చింది. ఉన్నది నేనే.

నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే పని. హ్యాండిలు ఖాదరు ఎత్తి పట్టుకున్నాడు, చక్రం నాగూరు తిప్పాడు. టిక్, టిక్, టిక్. బరువు లేదు, వణుకు లేదు. ఒక కిలోమీటరయింది. రెండయ్యాయి. నా అంకెలు ఎక్కడైనా ఇరుక్కుని విరిగిపోతే బాగుండునని కోరుకున్నాను.

"ఏం చేస్తన్నావు నాయనా?"

సైదాబీ లేచి కూర్చుంది. నూట నలభై రోజులుగా ఆ చప్పుడు వింటున్న చెవి. తాను తొక్కకుండా అది వినబడితే ఊరుకుంటుందా?

"చక్రం వంకర పోయిందేమోనని..." నాగూరు చెయ్యి ఆగలేదు.

"మీటరు తిరుగుతోంది."

ఖాదరు కల్పించుకున్నాడు. "ఏడు కిలోమీటర్లేగదమ్మా. ముప్పై వేలల్లో ఏడు ఏపాటిది? ఎవరికి తెలుస్తది?"

"అన్నం సంగతి తెలవాలంటే ఒక్క మెతుకు చాలు గదా మామా. అయినా ఇంత సుళువుగా తిప్పటం మీకెట్టా వచ్చు?"

చక్రం దానంతటదే తిరిగి తిరిగి ఆగింది. నాగూరు నేల చూపులు చూస్తూ అన్నాడు, "దిగేవాణ్ణమ్మా. రోజూ మధ్యాహ్నం. మీ మామ తిప్పేవాడు."

సైదాబీ మొహం చూడలేకపోయాను. కోపమైతే బాగుండేది. ఆ మొహంలో ఉన్నది ఆస్ట్రేలియా ఎడారిలో కూడా నేను చూడని అలసట.

"దిగబుద్దయినప్పుడల్లా దీన్ని చూశా నాయనా," అంది. అంతే అంది. లేచి చెంచయ్య దగ్గరికి వెళ్ళింది. "అన్నా, నన్ను యాడ ఎక్కించుకున్నావో అక్కడ దించు."

"దాటించినోణ్ణే మళ్ళీ వెనక్కి తీసకపొమ్మంటావా! మేలు చేస్తే తప్పయ్యే పందెం ఇదేం పందెం తల్లీ?" అని తల గోక్కుని, చెంచయ్య బండి తిప్పాడు.

నాగూరు పిలవకుండానే ఎక్కాడు. ట్రక్కులో సైకిలు ముందు చతికిలబడి, చక్రం పట్టుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. నేను పుట్టిన తర్వాత వెనక్కి నడవడం అదే మొదలు. ఒక్కొక్క అంకె తిరిగి వెళ్ళిపోతుంటే పుండు మీద కట్టు విప్పుతున్నట్టు నొప్పిగానూ, హాయిగానూ ఉంది. ముసలాయన వేళ్ళు స్పోకులకు తగిలి తోలు లేచిపోయింది. సైదాబీ చూసింది గాని వద్దనలేదు. వాగు వచ్చేసరికి తాను దొంగతనంగా కలిపిన రెండు కిలోమీటర్లూ తీసేశాడు.

చెంచయ్య వాళ్ళను వాగు దాటించి, పొద్దున ఆమెను ఎక్కించుకున్న గట్టు మీద దించాడు. నీళ్ళు నడుము లోతున ఉన్నాయి. రెండయింది. రెండున్నరయింది. చప్టా పక్క రాయి మీద తడి గుర్తు ఎంత దిగిందోనని అందరి కళ్ళూ దాని మీదే. మూడుంబావుకు నీళ్ళు తొడల లోతుకు తగ్గాయి. ఇంక ఆగలేక ఆమె సైకిలు భుజానికెత్తుకుంది. చెంచయ్య ట్రాక్టరుకు తాడు కట్టి, రెండో కొస అవతలి గట్టున తుమ్మచెట్టుకు కట్టి వచ్చాడు. ఆ తాడు పట్టుకుని దిగింది. సగం దాటాక కాలు జారింది. నేను మునిగాను. ఒక క్షణం నాకు ఎర్ర నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత ఆమె మోకాలు రాయికి కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే గట్టు.

మూడున్నర. ఏభై రెండు కిలోమీటర్లు. రెండున్నర గంటలు. ఎదురుగా తూర్పు గాలి.

ఆమె అలా తొక్కగా నేనెప్పుడూ చూడలేదు. మోకాలి నుంచి రక్తం కారి నా అద్దం మీద పడింది. ఒక్కసారి కూడా వంగి నన్ను చూడలేదు. నాకు అదే నచ్చింది. అయిదింటికి ఇంకా ఇరవై ఉన్నాయి. అయిదున్నరకు పది. ఊళ్ళోకి రాగానే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఒక్కొక్క పెట్టె నింపాదిగా, పెళ్ళివారి నడకతో పోయింది. గేటు లేచేసరికే ఆరు దాటింది, అయినా ఆమె ఆగకుండా తొక్కింది. చెయ్యి స్తంభానికి తగిలేసరికి పైన గడియారం ఆరూ పదకొండు నిమిషాలు చూపిస్తోంది.

పదకొండు నిమిషాలు. రికార్డు లేదు.

అయినా జనం దండలతో ఎగబడ్డారు. ఎవరో మైకు తెచ్చి, "దిగని నాగూరు కూతురా మజాకా!" అన్నారు. అప్పుడే ఖాదరు స్కూటరు వెనక నుంచి దిగిన నాగూరు ఆ మైకు లాక్కున్నాడు. "నేను దిగానయ్యా. రోజూ మధ్యాహ్నం దిగి పండుకున్నా. నా బిడ్డ దిగిన చోటికి పోయి మళ్ళీ వచ్చింది. అందుకే ఆలస్యమైంది," అన్నాడు.

వెనకనుంచి ఒక బోసినోటి ముసలాయన అరిచాడు. "మాకు తెలవదా నాగూరూ! డేరా వెనక నీ గురక కూరగాయల మార్కెట్టు దాకా వినపడేది గదా!"

జనం గొల్లుమన్నారు. ఊరందరికీ తెలుసు. తెలిసే శాలువా కప్పారు. తెలియంది ఆ ఒక్క పిల్లకే. నవ్వనిది కూడా ఆ ఒక్క పిల్లే.

పదిరోజులు ఆమె తండ్రితో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ మధ్యాహ్నం, అదే వేళకు, వసారాలో కూర్చుని నన్ను వెనక్కి తిప్పేవాడు. చీరాల పందెం ఒక్కదానికే ఏడు మధ్యాహ్నాలు, పూటకు రెండు గంటలు, గంటకు పన్నెండు చొప్పున నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు బాకీ అని లెక్క తేల్చుకున్నాడు. ఆ అంకెలు ఎప్పుడో పోయాయనీ, ఇప్పుడు తీసేస్తున్నవి కూతురి కష్టమనీ ఆయనకు తట్టలేదు. మనుషుల పశ్చాత్తాపం ఇలాగే ఉంటుంది, ఎదుటివాళ్ళ సొమ్ముతో చేస్తారు.

పదకొండో రోజు సైదాబీ వచ్చి పక్కన కూర్చుంది. "అయిపోయిందా నాయనా?"

"అయిపోయిందమ్మా."

"నాయి నూట అరవై ఎనిమిది తినేశావు. మళ్ళీ నింపు. చేత్తో కాదు."

అరవై ఎనిమిదేళ్ళ నాగూరు మర్నాడు పొద్దున సైకిలెక్కాడు. ఓడరేవు దాకా పోయి రావడం, రోజుకు పదకొండు పన్నెండు కిలోమీటర్లు. మొదటి రోజు ఆయన ఆయాసం విని నాకు భయం వేసింది. కానీ ఆ చక్రంలో బరువు ఉంది, వణుకు ఉంది. కూతురు తన సైకిలు మీద పది గజాలు వెనక వచ్చేది. ఎప్పుడూ ముందుకు పోలేదు.

పదిహేనో రోజున, ఏడున్నరకు, గడియారస్తంభం దగ్గర నా అంకె ఆమె తెచ్చిన అంకెకు సరిపోయింది. ఆయన వంగి నన్ను చూసుకున్నాడు. టీ కొట్టు ముందు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళందరూ చూస్తుండగా దిగని నాగూరు బ్రేకు పట్టి, ఒక కాలు నేల మీద పెట్టాడు.