అన్న పేరు మీద

తమ్ముడు పోయిన ఉదయం ఆసుపత్రివాళ్ళు మేస్త్రి చేతిలో ఒక కాగితం పెట్టారు. చనిపోయినవారి పేరు రాసే చోట మేస్త్రి పేరే ఉంది. పుట్టిన తేదీ కూడా ఆయనదే. కాగితం తీసుకునేవారు చనిపోయినవారికి ఏమవుతారో రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. కౌంటరు వెనక ఉన్న గుమాస్తా అక్కడ వేలు పెట్టి చూపించి పెన్ను అందించాడు.

మేస్త్రి పెన్ను తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వార్డు బయట బల్ల మీద కూర్చున్నాడు.

ఆయనది టైల్స్ పని. ఈ దేశం వచ్చాక ఎన్ని స్నానాల గదులకు నేల పరిచాడో లెక్క లేదు. తాపీ పిడితో టైలు మీద ఒక్కసారి తడితే చాలు, కింద సిమెంటు పట్టిందో లేదో చెప్పేస్తాడు. ఆ పనే తమ్ముడికీ నేర్పి, వెంట తెచ్చుకున్నాడు. తమ్ముడు అన్నకంటే జానెడు పొడుగు. అయినా ఇంట్లో చివరివాడు కనుక అందరికీ బుడ్డోడే. ఇక్కడ వాళ్ళుండే గదిలో పన్నెండు మంచాలవాళ్ళూ అలాగే పిలిచేవారు. తల గుమ్మానికి తగలకుండా వంగి లోపలికి వచ్చే మనిషిని బుడ్డోడా అని పిలవడంలో వాళ్ళకు రోజూ ఒక సరదా.

బుడ్డోడు ఈ మధ్యే కంపెనీ మారాడు. పాత కంపెనీ ఇచ్చిన వైద్యం కార్డు మానేసిన రోజుతోనే చెల్లిపోయింది. కొత్త కంపెనీ కార్డు ఒకటో తారీఖున వస్తుందన్నారు. కడుపునొప్పి ఆ మధ్యలో మొదలైంది.

"గ్యాస్ రా అన్నా. తగ్గిపోతుంది."

"గ్యాసైతే మనిషి అలా మెలిక తిరిగిపోతాడా? పద ఆసుపత్రికి."

"కార్డు లేకుండా గడప తొక్కితే చాలు, వాళ్ళు వేసే బిల్లుకి మనం ఇక్కడే ముసలాళ్ళమైపోవాలి. ఒకటో తారీఖు ఎంతో దూరం లేదు. ఓర్చుకుంటా."

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు పొద్దున లేచి నిలబడలేకపోయాడు. మేస్త్రి తన కార్డు తీసి వాడి చేతిలో పెట్టాడు.

అది ఆ గదిలో కొత్త సంగతేమీ కాదు. కార్డు ఉన్నవాళ్ళు కొందరు, లేనివాళ్ళు కొందరు. జ్వరాలు మాత్రం అందరికీ వస్తాయి. ఎవరికి ఒళ్ళు బాగోకపోతే వాళ్ళు, కార్డు ఉన్నవాళ్ళలో తమ పోలిక కాస్త ఉన్నవాడి కార్డు పట్టుకుని వెళ్ళి మందులు రాయించుకునేవారు. చిన్న క్లినిక్కుల్లో ఎవరూ మొహం ఎత్తి చూసేవారు కాదు. గదికి వంట చేసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఈ ఏర్పాటు గురించి ఆయన చెప్పే మాట ఒకటుంది.

"పోయిన చలికాలం నేను ఎలక్ట్రీషియన్ పేరు మీద దగ్గాను. డాక్టరు కొన్నాళ్ళు కరెంటు పని మానెయ్యమన్నాడు. సరేనని ఇంటికొచ్చి మానేశాను."

ఆ రోజు కూడా బాబాయే కార్డు మీద ఫోటో చూసి, "ఒరే మేస్త్రీ, ఇది నువ్వు కుర్రాడివిగా ఉన్నప్పటిది. నీకంటే మీ బుడ్డోడికే బాగా నప్పింది" అన్నాడు. నొప్పిలోనూ బుడ్డోడు నవ్వాడు.

ఆసుపత్రిలో కడుపు మీద చెయ్యి పెట్టి చూసిన డాక్టరు వెంటనే మంచం ఎక్కించమన్నాడు. అపెండిక్స్ వాచి లోపలే పగిలిందట. ఆపరేషన్ చెయ్యాలన్నారు. అది మందుచీటీ రాయించుకుని వచ్చేసే వ్యవహారం కాదని మేస్త్రికి అప్పుడు అర్థమైంది. కాని అప్పటికే బుడ్డోడి మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ వేశారు. దాని మీద అచ్చయింది అన్న పేరు.

వార్డులో నర్సు వీళ్ళ మాటలు విని దగ్గరికి వచ్చింది.

"మీరు తెలుగువాళ్ళా! అబ్బ, నా చెవులు వాచిపోయాయండీ ఈ భాష వినక. ఏమవుతారు మీ ఇద్దరూ?"

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేరే భాషవాళ్ళ దగ్గరైతే తెలుగులో తమ మాట తాము మాట్లాడుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు కూడా పోయింది.

"తమ్ముణ్ణండీ," అన్నాడు మేస్త్రి.

"తమ్ముడా? మీ అన్నగారే తమ్ముడిలా ఉన్నారే!"

"ఏం చెప్పమంటారు సిస్టర్," అన్నాడు బుడ్డోడు మంచం మీద నుంచి. "ఇంటి చింతలన్నీ వీడే నెత్తినేసుకుని ముసలాడైపోయాడు. చెప్తే వినడు."

ఆపరేషన్ అయ్యాక ఒక రోజంతా వాడు బాగానే ఉన్నాడు. ఆ ఒక్క రోజూ అన్నగా బతికాడు.

"ఏరా తమ్ముడూ, ఆ మంచినీళ్ళు ఇలా ఇయ్యి. ఆ దిండు ఎత్తు చెయ్యి. అలా కాదురా, నీకు ఏదీ ఒకసారి చెప్తే అర్థం కాదు."

"అలాగే అన్నా."

"పెద్దవాళ్ళ ముందు అలా కాలు మీద కాలేసుకుని కూర్చోకూడదురా."

మేస్త్రి కాలు దించాడు. నర్సు అవతలి మంచం దగ్గరికి వెళ్ళాక, "ఇంటికి రా, నీ వీపు పగలగొడతాను" అన్నాడు గొంతు తగ్గించి. బుడ్డోడు కుట్లు పట్టుకుని నవ్వాడు. "నవ్వించకురా అన్నా, నొప్పి. పుట్టాక మొదటిసారి నువ్వు నాకు భయపడుతున్నావు. ఈ వైభోగం ఇంకో రెండ్రోజులు ఉండనీ."

ఉండలేదు. మర్నాటికి జ్వరం వచ్చింది. పగిలిన చోటి విషం రక్తంలోకి పాకిందన్నారు. ఆలస్యంగా తెచ్చారన్నారు. మధ్యాహ్నానికి వాడి కళ్ళు సగం మూతలు పడ్డాయి. ఏదో గొణిగాడు గాని మాటలు తెలియలేదు.

నర్సు వచ్చి వాడి భుజం తట్టి, మేస్త్రి పేరుకు గారు చేర్చి గట్టిగా పిలిచింది. మంచం మీద మనిషి కదలలేదు. చెవి దగ్గరికి వంగి మళ్ళీ పిలిచింది. మంచం అవతల మేస్త్రికి తన పేరు విన్నప్పుడల్లా పలకాలనిపిస్తూ ఉంది.

"మీరు పిలవండి," అంది నర్సు. "ఇంట్లోవాళ్ళ గొంతైతే ఒక్కోసారి పలుకుతారు. రోజూ ఎలా పిలుస్తారో అలాగే పిలవండి."

మేస్త్రి నోరు తెరిచాడు. బుడ్డోడా అన్న పిలుపు గొంతు దాకా వచ్చింది. సొంత అన్నను ఏ తమ్ముడూ అలా పిలవడు. ఆ నర్సు తెలుగుమనిషి, ఇట్టే పట్టేస్తుంది. సంగతి బయటపడితే కార్డు చెల్లదంటారు. కార్డు చెల్లకపోతే ఆ గొట్టాలూ ఆ సీసాలూ అన్నీ తీసేస్తారేమోనని ఆయన భయం.

"అన్నా," అన్నాడు. "అన్నా... అన్నా, ఇటు చూడు."

వాడు చూడలేదు. మంచం చివర వేలాడే అట్ట మీద నర్సు ఏదో రాసుకుంది. ఆమె అటు వెళ్ళగానే పిలుద్దామనుకున్నాడు. ఆమె వెళ్ళలేదు. డాక్టర్లు వచ్చి మంచాన్ని అలాగే తోసుకుంటూ లోపలి గదిలోకి తీసుకుపోయారు. ఆ గదిలోకి ఇంట్లోవాళ్ళను రానివ్వరు. వరండాలో ఒక చోట మంచం చక్రాల కింద టైలు గుల్లగా మోగింది. మేస్త్రి చెవి ఆ చప్పుడును కూడా పట్టుకుంది.

తెల్లవారాక చెప్పారు.

కబురు తెలిసి బాబాయ్ పరుగున వచ్చాడు. వంట మీద నుంచి వచ్చినట్టున్నాడు, చేతులకు ఇంకా పిండి ఉంది. మేస్త్రి జేబులోంచి కాగితం తీసి చూపించాడు. బాబాయ్ చాలాసేపు చూశాడు.

"చెప్తావా?"

"చెప్పాలి కదా బాబాయ్."

"చెప్తే నీ ఉద్యోగం నిలవదురా. వేరేవాడికి కార్డిచ్చావని కేసు పెడతారు. బిల్లంతా నీ మెడకే చుడతారు. కాస్త ఆలోచించు."

"చెప్పకపోతే అక్కడ నా పెళ్ళాం బొట్టు తీసేయాలి. వాడి పెళ్ళాం వాడి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఏం ఆలోచించమంటావు?"

బాబాయ్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరే మనిషి ఆ రోజు పక్కన ఊరికే కూర్చున్నాడు.

మేస్త్రి ముందుగా నర్సుకే చెప్పాడు. గుమాస్తాకు చెప్పడానికి భాష సరిపోదు. ఆమె నిలబడి విన్నది. మొదట కోపం వచ్చింది.

"ఇన్ని రోజులు నా మొహం చూస్తూ ఎలా చెప్పారండీ ఆ అబద్ధం? మనవాళ్ళు కదాని నేను..." అని ఆగిపోయింది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆమె మొహం మారింది. "అయితే నేను పిలిచింది ఆయన పేరు కాదా?"

"కాదమ్మా."

"పిలిస్తే పలుకుతున్నారా లేదా అని చూసి రాస్తాం మేము. పలకలేదని రాశాను నేను." ఆమె గొంతు తగ్గింది. "ఆయన్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

మేస్త్రి చెప్పలేకపోయాడు. బాబాయ్ చెప్పాడు.

నర్సు తల తిప్పుకుంది. "దానివల్ల వైద్యం ఏమీ మారేది కాదండీ. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆ సంగతి మనసులో పెట్టుకోకండి" అంది. నిజమే చెప్పిందో, తనను ఊరడించడానికి అందో మేస్త్రికి తెలియలేదు. ఆమె తోడుగా కౌంటరు దాకా వచ్చి, గుమాస్తాకు వాళ్ళ భాషలో అంతా వివరించింది.

ఆ తరవాత బాబాయ్ అన్నవి చాలావరకు జరిగాయి. బీమావాళ్ళు తమకు సంబంధం లేదన్నారు. ఆసుపత్రి బిల్లు మేస్త్రి మీద పడింది. కంపెనీ ఆయన్ని తీసేయలేదు గాని, బిల్లు తాము కట్టి, తీరేదాకా జీతంలో కోసుకుంటామని రాయించుకుంది. కేసు తేలేవరకు దేశం దాటకూడదన్నారు. ఒకటో తారీఖున బుడ్డోడి కొత్త కార్డు గదికి వచ్చింది. బాబాయ్ దాన్ని ఎవరికీ చూపించకుండా తన పెట్టెలో పెట్టేశాడు.

కాగితాలు మార్చడానికి చాలా తిరగాల్సి వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న, చనిపోయింది మీరా అని. కాదండీ, నేను అన్నను, చనిపోయింది తమ్ముడు అని ప్రతి కిటికీ దగ్గరా చెప్పాడు. చివరికి ఆ కాగితం మీద బుడ్డోడి అసలు పేరు అచ్చయి వచ్చింది. ఖాళీగా ఉన్న చోట మేస్త్రి 'అన్న' అని రాసి సంతకం పెట్టాడు. బుడ్డోణ్ణి పడుకోబెట్టిన పెట్టెకు మేకులు కొట్టేముందు నర్సు వచ్చి మణికట్టు మీద పాత పట్టీ కత్తిరించి తీసేసింది. తమ్ముడు తన పేరుతోనే ఇంటికి వెళ్ళాడు. అన్న వెంట వెళ్ళలేకపోయాడు.

అక్కడ అన్నీ అయ్యాక మరదలు ఫోన్ చేసింది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన గొంతు.

"బావగారూ, మీరు పక్కనే ఉన్నారు కదా?"

"ఉన్నానమ్మా."

"నాకు అదే కాస్త నిబ్బరం. ఆయనకి ఎంత మొద్దునిద్రలో ఉన్నా మీ కేక వినబడితే చాలు, దిగ్గున లేచి కూర్చునేవారు. నేను ఎన్నిసార్లు లేపినా లేవకపోతే మీకే ఫోన్ చేసి, ఆయన చెవి దగ్గర పెట్టేదాన్ని, గుర్తుందా?"

"గుర్తుందమ్మా."

"చివర్లో పిలిచారా బావగారూ? పలికారా?"

మేస్త్రి ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. గదిలో ఎవరో స్టవ్ తగ్గించారు.

"తరవాత చెప్తానమ్మా," అన్నాడు.

ఆ తరవాత ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. పిల్లవాడి బడి గురించీ, రావలసిన కాగితాల గురించీ మాట్లాడుకున్నారు. ఆ మాటకు జవాబు ఆయన ఇంకా చెప్పలేదు.