ఎర్ర కుర్చీలో కూర్చోదగినవాళ్ళు

కాల్డర్ ఫెర్రీలో ఎవరు తెల్లవాళ్ళో ఎవరు కాదో తేల్చేది కోర్టూ కాదు, చర్చీ కాదు. లూషియస్ టాలివర్ మంగలి షాపు. లూషియస్ మాత్రం నల్లవాడు.

అమెరికాలో ఒహాయో నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణాల్లో, బానిసత్వం పోయాక కూడా, అప్పట్లో అంతే. దొరల గడ్డాలు గీసేది నల్లవాళ్ళు. ఆ షాపుల్లో నల్లవాడి తల మీద మాత్రం కత్తెర పడకూడదు. ఒక నల్ల మెడకు తగిలిన కత్తి తమ మెడకు తగులుతుందని తెలిస్తే దొరలు మళ్ళీ ఆ గడప తొక్కరు. కత్తి పట్టిన చెయ్యి నల్లదే కదా అని మీరు అడగవచ్చు. ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు.

షాపులో మూడు కుర్చీలు. కిటికీ పక్కన ఎర్ర తోలు కుర్చీ. అందులో పాత కుటుంబాలవాళ్ళు, బ్యాంకు యజమాని విట్‌లాక్ లాంటివాళ్ళు కూర్చుంటారు. దాన్ని లూషియస్ ఇంకెవరి చేతికీ ఇవ్వడు. మధ్య కుర్చీ జర్మన్లది. చివరిది ఐర్లాండువాళ్ళది. ఆ రెంటి దగ్గరా జీతగాళ్ళు పనిచేసేవారు. మొదట్లో ఐర్లాండువాళ్ళను అసలు కూర్చోనిచ్చేవారు కాదు. పోలీసు కిల్‌బ్రైడ్ తండ్రి ఆ గుమ్మంలో టోపీ చేత పట్టుకుని కాసేపు నిలబడి వెనక్కి పోయిన సంగతి ముసలివాళ్ళకు తెలుసు. కిల్‌బ్రైడ్‌కు మాత్రం గుర్తులేదు.

కొత్తవాడెవడైనా లోపలికి వస్తే లూషియస్ వాడి మొహం చూడడు, కూర్చున్నవాళ్ళ చేతుల్లో పేపర్లు చూస్తాడు. పేపరు కదలకపోతే వాడు తెల్లవాడే. పేపరు కిందికి దిగితే "ఇవాళ ఖాళీ లేదు బాబూ" అంటాడు. ఇనుప కొలిమి నుంచి వచ్చిన హంగేరీవాడికి పేపర్లు దిగాయి. బట్టల మూట మోసే సిరియావాడికి సగం దిగి ఆగాయి. "యేసు పుట్టిన వైపు మనిషి కదా, పోనీలే" అని విట్‌లాక్ అన్న మీదట అతనికి చివరి కుర్చీ దక్కింది. ఇటలీవాళ్ళ సంగతి ఒక చలికాలమంతా వాదించుకున్నా తేలలేదు. ఈలోగా కార్మినె అనే ఇటలీవాడు వచ్చి ఎదురుగానే మంగలి షాపు తెరిచాడు. కత్తి చేతపట్టగానే అతను తెల్లవాడైపోయాడు. మంచి మాటకారి. దొరల పిల్లలకు మిఠాయి పెట్టేవాడు. అప్పటి నుంచి లూషియస్‌కు కంటి నిండా నిద్ర లేదు.

ఎర్ర కుర్చీని కొన్నది లూషియస్ తండ్రి ఈనోక్. నది అవతల కెంటకీలో బానిసగా యజమాని గడ్డం గీస్తూ పని నేర్చుకుని, ఒక చీకటి రాత్రి ఏరు దాటి, బానిసత్వం లేని ఈ ఒడ్డుకు వచ్చినవాడు. ఏటి పడవల మీద గడ్డాలు గీసి బతికాడు, కొడుక్కి పని నేర్పి షాపు పెట్టించాడు, ఊళ్ళో దొరలకు మాత్రం ఆయన మొహం తెలీదు. కుర్చీ సిన్సినాటి నగరం నుంచి పడవలో వస్తే, దాన్ని రేవు నుంచి తనే వీపు మీద మోసుకొచ్చాడు. ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. తండ్రీకొడుకులు ఆదివారాలు పెరటి మెట్ల మీద ఒకరికొకరు గీసుకునేవారు. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి, కొడుకే ఆయనకు గీస్తున్నాడు.

"ఒరే లూషీ, ఆ ఎర్ర కుర్చీలో నాకొక్కసారి గడ్డం గియ్యరా" అన్నాడు ఈనోక్ ఒక ఆదివారం.

"దానికేం భాగ్యం నాయనా. వచ్చే ఆదివారం పొద్దున్నే తీసుకెళ్తా. తెరలు దించేసి తీరిగ్గా గీస్తా."

"తెరలు దించడమెందుకు?"

"నీకు తెలీనిదా?"

"చీకట్లో ఏరు దాటొచ్చినోణ్ణి. గడ్డం కూడా చీకట్లోనే గీయించుకోవాలా? పగలు గియ్యి. తెరలు తీసి, అందరూ ఉండగా గియ్యి."

"షాపు పోద్ది నాయనా."

"పోతే పోద్ది. నేనింకెన్నాళ్ళుంటాను?"

లూషియస్ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. అక్కడే పొరపాటు పడ్డాడు. కాదని అప్పుడే చెప్పి ఉంటే ముసలాయన వచ్చేవాడు కాదు.

ఆ శనివారం షాపు కిటకిటలాడుతోంది. ఎర్ర కుర్చీలో విట్‌లాక్ తల వెనక్కి వాల్చి ఉన్నాడు. లూషియస్ ఆయన గొంతు మీద నురగ తీస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. ఈనోక్. చర్చి కోటు, నల్లటి టోపీ, శుభ్రంగా తుడిచిన బూట్లు. లోపలికి వచ్చి టోపీ తీసి, వరసలో ఉన్నవాళ్ళలాగే గోడ పక్కన నిలబడ్డాడు.

పేపర్లన్నీ కిందికి దిగాయి.

"ఏం ముసలోడా, బొగ్గులేమైనా తెచ్చావా?" అన్నాడు కిల్‌బ్రైడ్. ఒకరిద్దరు నవ్వారు.

"గడ్డం గీయించుకుందామనొచ్చా" అన్నాడు ఈనోక్. కొడుకు వైపే చూస్తున్నాడు.

కుర్చీలోంచి విట్‌లాక్ ఓరగా చూశాడు. "ఎవరయ్యా లూషియస్? నీకు తెలుసా ఈయన?" ఆ అడగడంలో కోపం లేదు. తెలుసు అన్నా ఆయన కుర్చీ దిగి వెళ్ళిపోయేవాడు కాదేమో. లూషియస్ ఈ మాట తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. కానీ ఆ క్షణంలో అతని కళ్ళు కిటికీ మీదున్నాయి. వీధి అవతల కార్మినె తన గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, ఇటే చూస్తున్నాడు.

"తెలీదు దొరా" అన్నాడు లూషియస్. అని, తండ్రి వైపు తిరిగాడు. "పెద్దాయనా, దారి తప్పినట్టున్నావు. మీవాళ్ళ షాపు రైలుకట్ట అవతల. ఇక్కడ కుదరదు."

ఈనోక్ టోపీ తలకు పెట్టుకున్నాడు. ఆ తర్వాత తల ఊపాడు, బేరం కుదరనివాడు ఊపినట్టు.

"తప్పు నాదే దొరగారూ" అన్నాడు కొడుకుతో. "మా అబ్బాయి షాపు అనుకుని వచ్చాను."

తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు. షాపులో పేపర్లు మళ్ళీ పైకి లేచాయి. లూషియస్ మిగిలిన నురగ తీశాడు, విట్‌లాక్ మెడ మీద చిన్న గాటు కూడా పడలేదు. అంత నేర్పుగా గీసిన తన చెయ్యిని తర్వాత అతను అసహ్యించుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి ముసలాయన బీన్సు, మొక్కజొన్న రొట్టె తింటున్నాడు. కోడలు డెల్ఫీన్‌తో ఏటి నీరు తగ్గిందని చెబుతున్నాడు. తిట్టలేదు, అలగలేదు. అలిగితే కాళ్ళు పట్టుకుందామని లూషియస్ దారంతా అనుకుంటూ వచ్చాడు, ఆ వీలు కూడా దొరకలేదు. మర్నాడు మెట్ల మీద నీళ్ళూ సబ్బూ పెట్టి పిలిస్తే మాత్రం "వద్దులే" అన్నాడు. ఆ పై ఆదివారమూ అంతే. గడ్డం పెరిగింది, దూదిలా తెల్లగా. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి లూషియస్ తండ్రిని గడ్డంతో చూడలేదు.

ఇంత చేసి కాపాడుకున్న షాపు ఏడాది తిరక్కుండానే పోయింది. ముందు జర్మన్లు వీధి దాటారు. తర్వాత కిల్‌బ్రైడ్. "నీ మీద కోపమేం లేదు లూషియస్. తెల్లవాడి గొంతు మీద తెల్లవాడి కత్తే ఉండాలంటున్నారు ఈ రోజుల్లో" అని భుజం తట్టి మరీ పోయాడు. విట్‌లాక్ అందరికన్నా చివర వెళ్ళాడు. క్రిస్మస్ పండక్కి ఒక పంది తొడ మాంసం కానుకగా పంపించి వెళ్ళాడు. జీతగాళ్ళిద్దరూ పనులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

లూషియస్ చివరికి మొండి ధైర్యం చేసి, ఎవరైనా రావచ్చు, ఏ కుర్చీలోనైనా కూర్చోవచ్చు అని రైలుకట్ట అవతల చర్చిలో చెప్పించాడు. ఒక్కరూ రాలేదు. ఒకసారి రైలు కూలీ ఒకడు గుమ్మం దగ్గర ఆగాడు.

"రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు లూషియస్.

"ఆ మధ్య మా నాన్న వస్తే ఖాళీ లేదన్నావట అన్నా" అన్నాడు కూలీ, మామూలుగానే. "ఇప్పుడు బాగా ఖాళీ అయినట్టుందే." వెళ్ళిపోయాడు.

చలి బాగా పెరిగింది. ఈనోక్‌కు దగ్గు పట్టుకుని, మంచం దిగడం లేదు. లూషియస్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాయనా, బండి కట్టించాను. షాపుకి పోదాం రా. తెరలు తీసే ఉంచాను. పట్టపగలే గీస్తా. నా కోసం రా."

ముసలాయన కొడుకు మొహంలోకి చూశాడు. చాలా నెలల తర్వాత కళ్ళలో కాస్త ప్రేమ కనిపించింది. అదే లూషియస్‌ను చంపేసింది.

"ఇప్పుడెందుకురా లూషీ" అన్నాడు. "చూసేవాళ్ళెవరున్నారు?"

నాలుగు రోజులకు పోయాడు.

ఒకప్పుడు ఊళ్ళో దొర ఎవరు పోయినా చివరి గడ్డం గీసేది లూషియస్. పాత కుటుంబాల శవాలెన్నో అతని చేతి మీదుగానే శుభ్రంగా పెట్టెలోకి వెళ్ళాయి. తండ్రికీ అలాగే నీళ్ళు కాచాడు. మంచి కత్తి తీసి తోలు మీద సాన పట్టాడు. బ్రష్షుతో నురగ కలిపి ఆ తెల్లటి గడ్డం మీద సగం దాకా రాశాడు.

గుమ్మంలో డెల్ఫీన్ నిలబడి ఉంది.

"మామయ్య ఒక మాట చెప్పి పోయాడు. చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నా. వినడం వినకపోవడం నీ ఇష్టం."

"చెప్పు."

"'నేను పోయాక వాడు కత్తి తీస్తాడు. వద్దని చెప్పు. ఆ శనివారం నుంచి పెంచుకున్నాను దీన్ని, దీంతోనే పోతాను. నన్నెరగనన్నవాడు నా గడ్డం ముట్టుకోకూడదు' అన్నాడు."

లూషియస్ కత్తి మడిచి పెట్టేశాడు. గిన్నెలో నీళ్ళు చల్లబడ్డాయి. తర్వాత తువ్వాలు తడిపి, తండ్రి గడ్డానికి అంటిన నురగను మెల్లగా, ఒక్క వెంట్రుక కూడా రాలకుండా తుడిచాడు. దువ్వెన తీసుకున్నాడు. దువ్వడం కూడా వద్దన్నాడేమోనని డెల్ఫీన్ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. దువ్వెన పక్కన పెట్టేశాడు.