ఒక్క నిమిషం గారు

నూట పన్నెండు, నూట పదమూడు అని పెదవుల మధ్యే అనుకుంటూ ఆయన కుడిచేత్తో చుట్టుడు మర పిడి తిప్పుతున్నాడు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి రాగితీగ జారిపోయి ఎదురుగా ఉన్న చెక్క అచ్చు మీద వరసగా పడుతోంది. తీగ ఒరిసి ఒరిసి ఆ రెండు వేళ్ల మీదా సన్నని గాట్లు పడ్డాయి. బిగువు ఎక్కువైతే తీగ పైపూత ఊడుతుంది, తక్కువైతే చుట్లు వదులవుతాయి. ఎంత బిగువు కావాలో ఆ వేళ్లకు తెలుసు. ఆయన్ను అడిగితే మాత్రం చెప్పలేడు.

"ఏమండీ" అని వంటింటి గుమ్మంలోంచి వినిపించింది.

ఎడమచేతి చిటికెనవేలు నిటారుగా లేచింది. లెక్క ఆగలేదు, పిడి ఆగలేదు. బడిపిల్లలు పంతులుగారిని బయటికి పంపమని అడిగినట్టుండే ఆ వేలు చూసి కొత్తవాళ్లు కంగారుపడి దారి ఇస్తారు. పాతవాళ్లకు దాని అర్థం తెలుసు కాబట్టే వీధి వీధంతా ఆయనకు ఒక్క నిమిషం గారని పేరు పెట్టుకుంది. ముఖం మీద అనరు. ముఖం మీద మాస్టారనే అంటారు.

ఆవిడ కాసేపు నిలబడి, చేతిలోని గుడ్డకు తడి తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయింది.

నిజానికి ఆ మరకు చుట్లు లెక్కపెట్టే ముల్లు ఒకటుంది. ఎప్పుడో బిగుసుకుపోయింది. కొత్తది వేయించుకోవచ్చు కదా అంటే "నోరుండగా అదెందుకు?" అనేవాడు. మోటార్లు, ఫ్యాన్లు కాలిపోతే లోపలి తీగంతా కోసేసి కొత్తది చుట్టి ఇవ్వడం ఆయన పని. ఇంటి ముందుగదే షాపు. గోడ పొడవునా బల్ల, బల్ల మీద మీటరు, వార్నిష్ డబ్బా, కింద తెరిచి పడేసిన మోటార్లు. ఏ దేవుడి మీదా పెద్దగా గురి లేని మనిషికి చుట్ల లెక్క మీద మాత్రం గురి. చుట్లు తగ్గితే తీగ తగ్గుతుంది, తీగ తగ్గితే కరెంటుకు ఎదురు తగ్గుతుంది, ఎదురు తగ్గితే కరెంటు విరగబడి వచ్చి కాల్చేస్తుంది. చుట్లు ఎక్కువైతే మోటారు మూలుగుతుంది తప్ప పని చెయ్యదు. కాబట్టి లెక్కపెట్టేటప్పుడు పలకరించకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, వేలు దిగాకే చెప్పాలి.

పోయిన వారం జ్వరమొచ్చి వెనకగదిలో మూలుగుతూ పడుకున్నాడు. పని పేరుకుపోయింది. అన్నిటికన్నా తొందరది పక్కవీధి అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు.

ఆ కాయిల్ పూర్తయి దారంతో కడుతుండగా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వచ్చాడు. స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

"మాస్టారూ, నా ప్రాణం తీస్తున్నారు. మూడో అంతస్తు ఆవిడైతే నీళ్లన్నీ నేనే తాగేసినట్టు చూస్తోంది. సాయంత్రానికి ఇచ్చేస్తారుగా?"

"చూద్దాం."

"చూద్దామంటే కుదరదు. అయినా ఇదెలా కాలిందంటారు? నాలుగు రోజులుగా వోల్టేజే లేదు, బల్బులు మిణుకుమిణుకుమంటున్నాయి. వోల్టేజి ఎక్కువైతే కాలాలి గానీ, లేకపోతే కాలడమేంటండీ?"

పని గురించి ఎవరైనా అడిగితే ఆయన ముఖంలోకి వెలుగొస్తుంది. ఆయనకు తెలిసిన కబుర్లు అవే.

"వోల్టేజంటే తోపు. వెనకనుంచి తోసే బలం. కరెంటంటే ఆ తోపుకి తీగలో పారేది. తీగ ఊరికే పారనివ్వదు, కాస్త పట్టి ఉంచుతుంది. అది రెసిస్టెన్సు. తోపు తగ్గితే పారేదీ తగ్గుతుంది. బల్బు సంగతి అదే, మసకబారి ఊరుకుంటుంది."

"మరి మోటారు?"

"మోటారు తిరుగుతున్నంతసేపూ కరెంటుకి తనే ఎదురు నిలబడుతుంది. పైకి నీళ్లు మోయాలి, తోపు చాలదు. తిరగలేక తిరగలేక ఆగిపోయిందనుకో, ఆ ఎదురు పోయింది. ఇక మిగిలింది వట్టి తీగ. అదెంతని ఆపుతుంది? వేడెక్కి మాడిపోతుంది."

"అంటే ఆగిపోవడమే తప్పన్నమాట" అన్నాడు వాచ్‌మన్, ఏదో కోర్టులో తీర్పు విన్నట్టు తలాడిస్తూ.

గుమ్మంలో నిలబడి ఆవిడా విన్నది. వాచ్‌మన్ వెళ్లగానే ఒక అడుగు ముందుకు వేసింది. "ఓ మాట చెప్పాలన్నాను కదా, మీకు కుదిరితే..."

"ఈ మోటారు కానీ. చూశావుగా వాడి గోల" అన్నాడాయన, తీగ కొస అచ్చుకు తగిలిస్తూ.

ఆ మాట ఏమిటో ఆయనకు తెలుసు. కనీసం తెలుసుననుకున్నాడు. కొన్నాళ్ల కిందట ఆవిడ చెల్లెలు వచ్చి రెండు పూటలుండి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఆయన వినాలనే గట్టిగా అన్నది: "ఇక్కడ గోడలతో మాట్లాడుకుంటూ ఎన్నాళ్లుంటావే అక్కా? నా దగ్గరికి వచ్చెయ్. నాకూ తోడుంటుంది." అక్క ఏమీ అనలేదు. రాననీ అనలేదు. ఆ రోజునుంచి ఆయనకు అదే భయం. వాళ్లకు పిల్లలు లేరు. ఆవిడ వెళ్లిపోతే ఆ ఇంట్లో మిగిలేది తనూ, కాలిన మోటార్లూ. ఆ సంగతి పైకి చెప్పడం చేతకాక, ఆవిడ నోరు విప్పబోయినప్పుడల్లా ఆయన చుట్టడం మొదలుపెట్టేవాడు. లెక్కలో ఉన్నంతసేపూ ఆవిడ చెప్పదు. చెప్పనంతవరకూ వెళ్లదు. తెలివైన ఉపాయమే అనుకున్నాడు పాపం.

మొదట్లో ఇలా ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆవిడ కరెంటంటే ఏమిటని అడిగింది. ఆయన బక్కెట్టు నిండా నీళ్లు నింపి, రబ్బరు గొట్టం పెట్టి, పెరట్లో పాఠం చెప్పాడు. బక్కెట్టు ఎత్తు వోల్టేజి, గొట్టంలో పారేది కరెంటు, గొట్టం సన్నగా ఉంటే అది రెసిస్టెన్సు. ఆవిడ బక్కెట్టును గోడ మీదికి ఎక్కించి, గొట్టం నొక్కి పట్టుకుని ఒక్కసారి వదిలేసింది. మాస్టారు తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక ఆవిడ "మరి ఈ నీళ్లు మళ్లీ బక్కెట్లోకి రావద్దా?" అని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. రావాలి, రాకపోతే సర్క్యూట్ పూర్తి కాదు, పూర్తి కాకపోతే చుక్క కూడా పారదు అని చెప్పి, మురిసిపోయి ఆవిడ చేతికి మర పిడి ఇచ్చాడు.

ఆవిడ బాగానే తిప్పింది. సగంలో వీధిలోంచి ఎవరో పిలిస్తే "వస్తున్నా" అన్నది. లెక్క పోయింది. తీగంతా వృథా. "నీకు లెక్క నిలవదులే" అన్నాడాయన. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆవిడా నవ్వేసింది. ఆ తర్వాత ఎప్పుడూ పిడి అడగలేదు. కాయిల్స్ కింద వేసే కాగితాలు కత్తిరించడం, దారాలు కట్టడం, వార్నిష్ మరకలు తుడవడం ఆవిడ పనులయ్యాయి. "కాగితం అయిపోయింది", "మంచినీళ్లు", "టీ పెట్టు" అని ఆయన పిలిస్తే ఏ పనిలో ఉన్నా వచ్చేది. ఆవిడకు ఎత్తి చూపే వేలు లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆవిడ ఈసారి వదల్లేదు. "చెప్పడం కాదు, చూపించాలి. తిన్నాక ఒక్కసారి లోపలికి వస్తారా?"

పెట్టె సర్దుకుని ఉంటుంది, అది చూపిస్తుంది కాబోలనుకున్నాడాయన. "చివరి కాయిల్స్ ఉన్నాయి. అవి అవ్వనీ. సాయంత్రమంతా నీ మాటే" అని చెయ్యి కడుక్కున్నాడు.

"మీ సాయంత్రాలు నాకు తెలియవూ!" అన్నది ఆవిడ. నవ్వుతూనే అన్నది. ఆ రోజు ఆవిడ కాస్త ఉత్సాహంగా ఉన్నట్టు కూడా ఆయనకు తోచింది. వెళ్లే ఉత్సాహం అనుకుని మరింత కుంగిపోయాడు.

ఎండ గది మధ్య దాకా వచ్చింది. వంటింట్లోంచి అడుగుల చప్పుడు వినగానే ఆయన అచ్చు సరిగ్గా బిగించకుండానే పిడి అందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు.

"ఏమండీ" అన్నది ఆవిడ.

చిటికెనవేలు లేచింది.

పొద్దున వాచ్‌మన్ లాక్కున్న స్టూలు గుమ్మం పక్కనే ఉంది. ఆవిడ దాని మీద కూర్చున్న చప్పుడైంది. ఆయన తలెత్తలేదు. మామూలుగా మెల్లగా చుట్టే మనిషి, ఇంకా మెల్లగా చుట్టాడు. ఒక కాయిల్ అయింది. వేలు దించకుండానే ఇంకొకటి మొదలుపెట్టాడు. ఆవిడ విసుక్కోలేదు, లేచి వెళ్లలేదు, ఎప్పట్లా గొంతు సవరించుకోనూ లేదు. ఇంత ఓపికగా కూర్చున్నదంటే ఇక మాట మార్చుకోదన్నమాట. సరే, ఎన్నాళ్లు దాక్కుంటాను, వినేస్తానని నిశ్చయించుకుని చివరి చుట్టు చుట్టి, తీగ తెంపి, వేలు దించాడు.

"ఆఁ, చెప్పు."

ఆవిడ తలుపు చెక్కకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. కునుకు పట్టిందనుకున్నాడు. ఎందుకో జాలేసింది. లేపకుండా వంటింట్లోకి వెళ్లి, జీవితంలో మొదటిసారి తనే టీ పెట్టాడు. చక్కెర ఎక్కడుందో తెలియక డబ్బాలన్నీ మూతలు తీశాడు. వెళ్లొద్దని అడుగుదాం, అవసరమైతే బతిమాలుదాం అనుకుంటూ కప్పు పట్టుకొచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇదిగో. వింటున్నాను, చెప్పు" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ పక్కకు ఒరిగిపోయింది.

వీధి చివరి డాక్టరు వచ్చి చూశాడు. గుండె ఆగిపోయిందన్నాడు, నొప్పి కూడా తెలిసి ఉండదన్నాడు. "ఎంతసేపైంది?" అని ఆయన అడిగితే, అరగంట పైనే అయి ఉంటుందన్నాడు. వచ్చినవాళ్లు ఏడుస్తున్నారు, చెల్లెలు ఏడుస్తోంది. ఆయన మాత్రం బల్ల మీది రెండు కాయిల్స్ కేసి చూస్తూ, మొదటిదాంట్లోనా, రెండోదాంట్లోనా, ఏ చుట్టు దగ్గర అని వెతుక్కుంటున్నాడు. ఆయనకు మతి చలించిందని కొందరనుకున్నారు.

వాచ్‌మన్ ఆ మోటారునీ కాయిల్స్‌నీ ఇంకో షాపుకి పట్టుకుపోయి బిగింపించుకున్నాడు. తర్వాత వచ్చి, తలొంచుకుని నిలబడి, ఓదార్పుగా ఉంటుందనుకుని చెప్పాడు: "ఆ షాపాయన కొలిచి చూశాడండి. ఒక్క చుట్టు కూడా తేడా లేదట."

చెల్లెలు వెళ్లిపోయింది. రాకపోకలు తగ్గాయి. ఇల్లు ఖాళీ అయ్యాక, పక్కింటి దర్జీ ఆవిడ వచ్చి గుమ్మంలో ఆగింది. ఆయన బల్ల ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా, అడగకూడదేమో. నా టేబుల్ ఫ్యాను వదిన దగ్గరుంది."

"ఏ ఫ్యాను?"

"కాలిపోయిందని తెచ్చాను. మీకు జ్వరంగా ఉందప్పుడు. నేను చుడతాను, మీ అన్నయ్యకి చెప్పకు అంది. చుట్టేసిందట. మీచేత మీటరు పెట్టించి గానీ ఇవ్వనంది. మీకు చెప్పలేదా? మీరెప్పుడు ఖాళీ అవుతారా అని కాచుకుని కూర్చునేదే!"

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. అటక మీద పాతచీర ముక్కలో చుట్టి ఉంది ఫ్యాను. తెచ్చి బల్ల మీద పెట్టి విప్పాడు. లోపలి ఇనుప చట్రంలో కాయిల్స్ చక్కగా కూర్చుని ఉన్నాయి. ఆయన వాడే తెల్లదారం కాదు, దర్జీ షాపులో మిగిలిన ఎర్రవీ పచ్చవీ దారాలతో కట్టింది. ముడులు చిన్నవిగా, బిగువుగా ఉన్నాయి. ఆయన మీటరు అందుకుని ఒక్కో కాయిల్ రెసిస్టెన్సూ చూశాడు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది అంతే. మూడోది అంతే. నాలుగోది కొద్దిగా తక్కువ చూపించింది. మళ్లీ పెట్టి చూశాడు. తక్కువే. ఎక్కడో లెక్క తప్పి, కొన్ని చుట్లు తక్కువ పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరంలో దాహమేసి "ఇదిగో, మంచినీళ్లు" అని గట్టిగా కేక వేశాడు. ఆవిడ వెంటనే వచ్చింది. గ్లాసు చేతికిస్తుంటే ఆవిడ పెదవులు కదులుతున్నాయి. "ఏమిటి గొణుగుతున్నావ్?" అని కసిరాడు. ఆవిడ ఆగి, బిత్తరపోయి, "ఏం లేదు, పోయింది లెండి" అని నవ్వింది.

"బాగా చుట్టిందా అన్నయ్యా?" అని దర్జీ ఆవిడ అడిగింది.

"బాగా చుట్టింది" అన్నాడు. బల్ల మీద తలపెట్టి, అన్నాళ్లూ రాని ఏడుపంతా ఏడ్చాడు. దర్జీ ఆవిడ ఏం చెయ్యాలో తెలియక వీపు మీద చెయ్యేసి నిలబడింది.

పద్ధతి ప్రకారమైతే ఆ కాయిల్ కోసేసి మళ్లీ చుట్టాలి. ఎవరు తెచ్చినా ఆయన అదే చేసేవాడు. కళ్లు తుడుచుకుని, వెనకగదిలోని తన ఫ్యాను తెచ్చి దర్జీ ఆవిడ చేతుల్లో పెట్టాడు. "ఇది పట్టుకెళ్లమ్మా. అది నాకు ఉండనీ."

దర్జీ ఆవిడ వెళ్లాక మరలు బిగించి, రెక్కలు తగిలించి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. ఫ్యాను ఒక్క క్షణం తడబడి తిరగడం మొదలుపెట్టింది. బల్ల చివరన నిలబడి సన్నగా రొద చేస్తూ, గది ఈ మూల నుంచి ఆ మూలకు తల తిప్పుకుంటూ, మనిషి లేని వైపు కూడా కాసేపు ఆగి గాలి వేస్తోంది.