మిడత వీపు మీద కాఫీ

మా ఆయనకి తెలియని విషయం ప్రపంచంలో లేదు. వచ్చిన చిక్కల్లా, ఆయనకి తెలిసినదేదీ ఇంట్లో పనికిరాదు. కుళాయి కారుతోందంటే నీటి ఒత్తిడి గురించి చక్కగా వివరిస్తారు. కుళాయి కూడా వింటూ కారుతూనే ఉంటుంది. వీటన్నిటికీ నేను ఎప్పుడో అలవాటు పడిపోయాను. ఆయన కుడి మోకాలికి మాత్రం ఇప్పటికీ అలవాటు పడలేదు.

ఆయన కాలేజీలో వాలీబాల్ ఆడేవారు. ఒక మ్యాచ్‌లో ఎగిరి బంతి కొట్టి దిగేటప్పుడు ఆ మోకాలు మెలితిరిగింది. అంతటితో ఆట ముగిసింది. అప్పట్నించీ అది మా ఇంట్లో పెద్దమనిషి హోదాలో ఉంది. దానికి వేరే దిండు, వేరే స్టూలు. వాన వస్తుందని ముందే చెబుతుంది. వస్తే మోకాలి గొప్ప, రాకపోతే మబ్బుల తప్పు. ఇంతకీ మోకాలు ఎందుకు పోయిందయ్యా అంటే, మైదానం బాగాలేదట. నేల మీద కేసు పెట్టి, తీర్పు కూడా తనే ఇచ్చుకున్న మనిషి.

మా అమ్మాయి కూడా వాలీబాలే. నడక రాకముందే గెంతడం మొదలుపెట్టిందని మా ఆడపడుచు దానికి మిడత అని పేరు పెట్టింది. ఇప్పుడు కాలేజీలో ఆఖరి ఏడాది. నెట్ దగ్గర అది ఎగిరిందంటే అవతలి జట్టు తలలు వంచుకోవలసిందే. కానీ ఈ ఏడాది ముందు చీలమండ బెణికింది, తర్వాత మోకాలు వాచింది, తగ్గిందనుకునేసరికి మళ్ళీ అదే మోకాలు. కోచ్ మేడమ్ దాన్ని పక్కకి పిలిచి, ఇంకొక్కసారి కుంటుకుంటూ వస్తే కాలేజీల పోటీ ఫైనల్‌కి వేరే అమ్మాయిని చూసుకుంటానని మెత్తగా చెప్పిందట. ఆ రోజు మిడత నోరు విప్పలేదు. అది మాట్లాడకపోతే మా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు కూడా వినిపిస్తుంది.

మా ఆయన వెంటనే రంగంలోకి దిగారు. కాలు దెబ్బతింటోందంటే కాలు బలహీనమన్నమాట, అంతే ఆయన లెక్క. చీలమండలకి ఇసక సంచులు కట్టించి మెట్లు ఎక్కించారు, దింపించారు. కింది వాటావాళ్ళు ఏదో పెద్ద సామాను దింపుతున్నామనుకున్నారు. పిల్ల తొడలు రాయిలా తయారయ్యాయి, మోకాలు మాత్రం బూరెలా వాచింది.

అప్పుడు మా ఆడపడుచు వచ్చింది. ఆమె ఫిజియోథెరపిస్టు. రోజూ ఎంతోమంది కాళ్ళు సరిచేస్తుంది. కానీ అన్నగారి దృష్టిలో ఆమె ఇంకా సైకిల్ మీంచి పడి ఏడ్చిన చెల్లెలే. వాపు తగ్గేదాకా ఊరుకుని, తర్వాత మిడతని చిన్న స్టూలు మీంచి ఒంటికాలి మీద దిగమని ఫోన్‌లో వీడియో తీసింది. దాన్ని నెమ్మదిగా ఆడించి చూపించింది. పిల్ల దిగగానే ముందు నడుము పక్కకి ఒరుగుతోంది, ఆ వెనకే మోకాలు లోపలికి వంగుతోంది.

"కాళ్ళు గట్టివే వదినా," అంది నాతో. "బల్లకి కాళ్ళు బాగానే ఉండి, పైన మేకులు వదులైతే ఎలా ఊగుతుంది? ఆ ఊపంతా ఎక్కడికి పోతుంది? కాళ్ళ మీదకే. అన్నిటికీ ఇదే కారణం అనను గానీ, దీనికి మాత్రం ముందు పొట్ట, నడుము, తుంటి కండరాలు బిగించాలి."

మా ఆయన వీడియో చూసి, ఫోన్ వంకరగా పట్టుకున్నావు అన్నారు.

మర్నాటి నుంచి హాల్లో చాప పరిచి కొత్త వ్యాయామాలు. బోర్లా మోచేతుల మీద ఒళ్ళు పలకలా తిన్నగా పెట్టి ఉండడం, పక్కకి తిరిగి ఉండడం, చేతులూ మోకాళ్ళూ నేలకి ఆన్చి ఒక చెయ్యీ, రెండో వైపు కాలూ చాచడం. మా ఆయన పేపరు చాటునుంచి, "పడుకుని కప్పు గెలిచినవాళ్ళని నేను చూడలేదు," అన్నారు. చేతులూ మోకాళ్ళూ ఆన్చి ఉన్న మిడత చాచిన చెయ్యి దింపేసింది. నాకు ఒళ్ళు మండింది.

నేను కాఫీ తెచ్చి ఆయన చేతికివ్వకుండా, సాసరుతో సహా మిడత నడుము మీద పెట్టాను. మరీ వేడి కాఫీ కాదు, నేనూ తల్లినే. ఇక మీదట మీ కాఫీ అక్కడికే వస్తుంది, అది చెయ్యీ కాలూ చాచి కదలకుండా ఉన్నాక మిగిలింది తాగండి అని చెప్పాను. ఆ మొదటి రోజు సాసరులో ఉన్నంత కాఫీ కూడా కప్పులో లేదు. రెండో కప్పు ఉండదని నేను ముందే చెప్పాను.

కాఫీ కోసమైతేనేం, మనిషిలో శ్రద్ధ పుట్టింది. "తుంటి కిందకి జారుతోంది చూడు," అనేవారు. "ఊపిరి బిగబట్టకు, పొట్ట వదిలెయ్యకు." చెల్లెలు చెప్పిన మాటలే, కాకపోతే ఆమెవి అని ఒప్పుకోరు. సగం కప్పు ముప్పావు అయింది. ఒక ఉదయం సాసరులో చుక్క లేకుండా నిండు కప్పు తీసుకుని, ఎంతో సేపు తాగకుండా దాన్నే చూస్తూ కూర్చున్నారు. మిడత కూడా మెల్లగా స్టూలు మీంచి దిగడం, తర్వాత గెంతడం, తర్వాత నెట్ దగ్గర ఎగరడం మొదలుపెట్టింది. కోచ్ మేడమ్ జట్టులో ఉంచింది.

ఫైనల్ రోజు గ్యాలరీలో నాకు ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క ఫోన్ పట్టుకుని మా ఆడపడుచు. ఆఖరి సెట్‌లో చెరో పాయింటూ లాక్కుంటున్నారు. మనవాళ్ళకి ఇంకొక్క పాయింటు కావాలి. మిడత ఎగిరింది. గాల్లో ఉండగానే సొంత జట్టు పిల్ల భుజం వచ్చి తగిలింది. మిడత కొట్టిన బంతి అవతలి వాళ్ళ చేతులకి తగిలి వెనక్కి లేచింది. మిడత ఒంటికాలి మీద దిగుతోంది. అదే కాలు.

మా ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ తన మోకాలి మీద ఉన్నాయి.

పిల్ల దిగింది. ఒళ్ళు ఒరగలేదు, మోకాలు లోపలికి వంగలేదు. వీపు మీద కాఫీ కప్పు ఉన్నంత నిదానంగా నిలబడి, అదే కాలితో నేలని తన్ని మళ్ళీ లేచి, తిరిగొచ్చిన బంతిని మూలకి కొట్టింది. ఆ బంతి మళ్ళీ లేవలేదు. జట్టంతా దాని మీద పడిపోయింది. అది ఆ గుంపులోంచి చెయ్యి ఒక్కటే బయటికి తీసి మావైపు ఊపింది. నేను ఏడుస్తూ నవ్వానో నవ్వుతూ ఏడ్చానో నాకే తెలీదు.

మా ఆడపడుచు వీడియో వెనక్కి తిప్పి, నెమ్మదిగా ఆడించి అన్న ముందు పెట్టింది. "ఈసారి ఫోన్ తిన్నగానే పట్టుకున్నానా?" అంది. ఆయన దాన్ని మూడుసార్లు తిప్పించుకుని చూశారు.

మర్నాడు పొద్దున్నే గెలిచిన కప్పు చూపించమని మా ఆడపడుచు వచ్చేసరికి, మిడత ఇంకా ముసుగు తన్ని నిద్రపోతోంది. హాల్లో చాప మీద చేతులూ మోకాళ్ళూ ఆన్చి మా ఆయన. పెద్దమనిషి మోకాలి కింద దాని దిండే ఉంది. ఒక చెయ్యి చాచి గజగజ వణుకుతున్నారు. నేను కాఫీ కప్పు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"సరిగ్గా ఉందా చెప్పవే," అన్నారు చెల్లెలితో, తల ఎత్తకుండా.

"చెబుతాను. ముందు నువ్వు చెప్పవలసింది చెప్పు అన్నయ్యా."

ఆయన చెయ్యి దింపలేదు.

"మైదానం బాగానే ఉండేది," అన్నారు చివరికి. "గుంతలేం లేవు. నేనే ఒరిగాను. పిల్ల విషయంలోనూ నువ్వన్నదే నిజం, నాదే తప్పు."