అనుమతి కోసం ఆగిన చీటీ

చర్చి సంఘంలో అందరూ ఆయన్ని ప్రూఫుల తాతయ్య అంటారు. ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. ఎవరి పెళ్లి కార్డు చేతికిచ్చినా ముందు తప్పులు వెతికి, ఆ తర్వాతే శుభాకాంక్షలు చెబుతాడు.

చర్చి వెబ్‌సైట్ పాతబడింది, మార్చాలన్నారు. కమిటీ ముందుకు రెండు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మొదటిదాంట్లో ఆఫీసు చూసే అమ్మాయి టైపు చేసి బటన్ నొక్కితే చాలు, లోకమంతా చూస్తుంది. రెండోదాంట్లో ఆమె రాసింది ఒక పెద్దమనిషి చదివి "సరే" నొక్కితేనే బయటికొస్తుంది.

"రెండోదే!" అని బల్ల గుద్దాడు తాతయ్య. ఆయన బాధ ఆయనది. పోయినేడు ఎవరో పెళ్లి ప్రకటనలో పేరు మార్చి అంత్యక్రియల ప్రకటన తయారుచేసి, కింద "మీ రాకే మాకు ఆనందం" అన్న ముక్క తీయడం మరిచిపోయారు. పోయినాయన కొడుకులు పాస్టరుగారిని కొట్టినంత పని చేశారు. సరే, రెండోదాన్ని రెండు వారాలు వాడి చూద్దామనుకున్నారు. "సరే" నొక్కే పెద్దమనిషి ఎవరో వేరే చెప్పాలా!

ఆ రెండో వారంలోనే ఆయన భార్యకు ఆపరేషన్. కడుపులో గడ్డ, మంగళవారం తీస్తామన్నారు. ఇంటి గోడు పదిమందిలో పెట్టడం తాతయ్యకు చిన్నతనం, ఎవరికీ చెప్పలేదు. "ఏం కాదులే, డాక్టర్లున్నారు" అని భార్యతో ఒక్క ముక్క అనేసి, తన పనైపోయిందన్నట్టు పేపరు తెరిచాడు. ఆవిడకేమో గుండెల్లో రాయి పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆఫీసు గదిలోకి వెళ్లి, ఆ అమ్మాయి చేతిలో చీటీ పెట్టింది.

"వెబ్‌సైట్లో ప్రార్థన మనవుల్లో పెట్టు తల్లీ. మీ తాతయ్యకు మాత్రం చెప్పకు, వద్దంటారు."

కొత్త సాఫ్ట్‌వేర్ సంగతి ఆవిడకేం తెలుసు! అమ్మాయి ఎక్కించిన మాటలు నేరుగా వెళ్లి తాతయ్య అనుమతి కోసం కూర్చున్నాయి. పాపం, ఆ పిల్ల ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు ఇరుక్కుంది. ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"తాతయ్యగారూ, మీరు చూడాల్సినవి నాలుగున్నాయి. ఒకటి అర్జెంటండీ."

"అర్జెంటంటేనే తప్పులుంటాయమ్మాయ్. తీరిగ్గా చూస్తాను."

సోమవారం మళ్లీ చేసింది. ఆస్పత్రిలో చేర్పించే హడావిడిలో ఆయన ఫోన్ తీయలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. బుధవారం సాయంత్రం పక్క మంచం చుట్టూ చుట్టాలే చుట్టాలు. కుర్చీలు చాలక ఈ మంచం దగ్గరిది కూడా అడిగి పట్టుకెళ్లారు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆవిడ తల తిప్పి చూస్తోంది.

"ఎవరైనా వస్తామన్నారా?" అన్నాడు తాతయ్య.

"నాకెవరొస్తారు లెండి. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డా పరిగెత్తానండీ. నాకు ఒక్క ఫోనైనా లేదు. సిగ్గు విడిచి, చీటీ రాసిచ్చి మరీ అడిగాను."

ఆఫీసమ్మాయి చెప్పిన అర్జెంటు సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీశాడు. అనుమతి కోసం ఆగిన నాలుగింటిలో మూడోది ఆవిడ చీటీ.

"మంగళవారం నాకు ఆపరేషన్. ఇంట్లో ఆయన ముందు ధైర్యంగా ఉంటున్నాను గాని, చాలా భయంగా ఉంది. నాకేమైనా అయితే ఆయనకు ఏ పూట ఏ మందో కూడా తెలీదు. మా ఇద్దరి కోసం ప్రార్థించండి."

ఇప్పుడు "సరే" నొక్కితే రేపటికి జనం వస్తారు. ఇన్నాళ్లూ రానిది వాళ్ల తప్పుగానే ఉండిపోతుంది, తనది బయటపడదు. వేలు బటన్ దాకా వెళ్లింది కూడా. సిగ్గేసి వెనక్కి తీసుకున్నాడు.

"వాళ్లననకు. నీ చీటీ ఎవరికీ చేరలేదు. నా దగ్గరే ఆగింది. ఆ పిల్ల చెప్పినా నేను చూడలేదు."

ఆవిడ నాలుగు తిడితే బాగుండుననిపించింది ఆయనకు.

"మీకు చెబితే ఏం కాదులే అనేసి పేపరు తీస్తారు. అందుకే అందరికీ చెప్పుకోవాల్సొచ్చింది" అంది మెల్లగా.

తాతయ్య ఆఫీసమ్మాయికి ఫోన్ చేశాడు. "మొదటి సాఫ్ట్‌వేరే తీసుకోమన్నానని పాస్టరుగారికి చెప్పమ్మా. తప్పులు తర్వాతైనా దిద్దుకోవచ్చు." ఫోన్ జేబులో పెట్టుకుని, కుర్చీ లేదు గనక మంచం అంచునే ఒదిగి కూర్చుని, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత భయమేసింది?" అని అడిగాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.