గంప కింది పాదం

నేను పుట్టేనాటికే నాకు నలభై ఏడేళ్ళ కొడుకున్నాడు. పేరు ఓబన్న. గొర్రెలు మేపేవాడు. నేనింకా పురిటి గుడ్డల్లో ఉండగానే మా ఇంటి ముందుకొచ్చి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "మా యమ్మను ఒక్కసారి చూసి పోతా" అని మా నాయనను అడిగాడట. ఆ అమ్మను నేనే.

నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఆ నవ్వు చిన్నప్పుడే అయిపోయింది.

మా పల్లె పెనుకొండకు ఎనిమిది కిలోమీటర్లు. ఓబన్న తల్లి పేరు గంగులమ్మ. ఒక కరువేడు ఓబన్న పెళ్ళాం వెంకటక్కనూ, కొడుకు కుళ్లాయప్పనూ, మందనూ వెంటబెట్టుకుని మేత కోసం కర్ణాటక వైపు పోయాడు. తల్లికి అప్పటికే జ్వరం. కుండలో నీళ్ళు పోసి, వారంలో వస్తానని చెప్పి పోయినవాడు ఇరవై నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. అప్పటికి ఆమె పోయి ఒక రోజయింది. మంచం పక్కన కుండ బోర్లా పడి ఉంది. లోపల తడి కూడా లేదు.

మా వైపు ఒక ఆచారముంది. మనిషి పోయిన చోట, మూడోనాటి సాయంత్రం, జల్లించిన బూడిద పలచగా పరిచి గంప బోర్లిస్తారు. పక్కన దీపం పెడతారు. తెల్లవారి గంప తీసి బూడిదలో ఏ గుర్తు పడిందో చూస్తారు. పిట్ట కాలు కనిపిస్తే పిట్టగా, పాము జాడ కనిపిస్తే పాముగా పుట్టినట్టు. గంగులమ్మ గంప తీస్తే బూడిదలో పసిబిడ్డ పాదం ఉంది. ఆ రాత్రి ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టిందని ఇల్లిల్లూ అడిగారు. పుట్టింది నేనొక్కదాన్నే. అదీ ఊరి బయట పేటలో, చర్చి పెద్ద అయిన మా నాయన ఏసురత్నం ఇంట్లో.

మా పేటవాళ్ళెవరూ ఓబన్న ఇంటి గడప దాటి ఎరగరు. నేను మాత్రం నేరుగా వంటింట్లోకి పోవచ్చు. పోకపోతే కబురొస్తుంది. గంగులమ్మకు ఇష్టమని, పదేళ్ళ పిల్లకు వక్కాకు మడిచి పెట్టేవాడు ఓబన్న. పెద్దల అమావాస్యకు చనిపోయినవాళ్ళందరికీ ఇంట్లో విస్తళ్ళు వేసి, గంగులమ్మ విస్తరి మాత్రం మా ఇంటికి పంపేవాడు. తన తద్దినం తానే తిన్న మనిషి జిల్లాలో ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి. బడిలో పిల్లలు నన్ను పుష్పా అని పిలిచింది తక్కువ. "ఏం ముసలవ్వా, పండ్లన్నీ ఉండాయా?" అని ఏడిపించేవాళ్ళు. నేను ఏడుస్తుంటే ఎండలో పడి వచ్చిన ఓబన్న బడి కిటికీలోంచి అడిగేవాడు.

"అమ్మా, నీళ్ళు తాగినావా?"

ఎప్పుడు కనబడినా అదే మాట. ఆ తర్వాత ఇంకో మాట. "నేను జేసింది మన్నించినానని ఒక్క మాట చెప్పమ్మా. సాలు."

నేను చెప్పలేదు. చెబితే గంగులమ్మను నేనేనని ఒప్పుకున్నట్టే. మా నాయన కూడా గట్టిగా కట్టడి చేశాడు. "మనిషికి చావొకటే పాపా. ఆ తర్వాత దేవుని ముందర నిలబడేదే. మళ్ళా పుట్టేది ల్యా" అనేవాడు. అంటూనే ఓబన్న పంపిన పాలతో కాఫీ తాగేవాడు. మా అమ్మకు పాలు పడక నేను ఆ ఇంటి మేకపాలతోనే బతికానని ఆయనకు తెలుసు. అందుకని వాళ్ళను రావద్దనలేకపోయాడు. నన్ను అవుననివ్వనూ లేదు. పాలు పోసినవాడు ఒకవైపు, ప్రార్థన నేర్పినవాడు ఒకవైపు. నేనెవరో చెప్పుకునే వీలు మాత్రం నాకెవరూ ఇవ్వలేదు.

ఆ ఇంట్లో నన్ను గంగులమ్మగా చూడని మనిషి ఒక్కతే ఉండేది. వెంకటక్క. ఆచారం ప్రకారం ఆమె నన్ను "అత్తా" అనాలి. ఎంతమంది ఎగదోసినా అనలేదు. "పాపా" అనే పిలిచేది. అత్తంటే పడదేమో అనుకునేదాన్ని.

ధర్మవరంలో నర్సింగు చదివాను. హిందూపురంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మడకశిర నాగేంద్రను చేసుకున్నాను. పెళ్ళికి ఓబన్న ధర్మవరం పట్టుచీర తెచ్చి, "కొడుకు పెట్టే చీరమ్మా" అని అందరి ముందూ నా కాళ్ళు మొక్కితే మా అత్తగారివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ రోజు భూమిలోకి దూరిపోదామనిపించింది. అయినా హిందూపురం వచ్చాక కాస్త ఊపిరాడింది. ఈడ నేను పుష్పను, అంతే.

ఇప్పుడు నాకు ఏడో నెల. పోయిన నెల ఓబన్న ఫోన్ చేశాడు.

"అమ్మా, నాకింక దినాలు ల్యావు. నీ కడుపునే పుడతా. ఈసారి నిన్నిడిసి యాడికీ పోను."

ఫోన్ పెట్టేశాక కడుపు మీంచి చేయి తీయలేకపోయాను. కోపమూ వచ్చింది, భయమూ వేసింది. నన్ను పట్టుకున్నది చాలదా? ఓబన్న గంప కింద మళ్ళీ బిడ్డ పాదం పడిందంటే ఇక నా బిడ్డకు సొంత పేరుండదు. బడి కిటికీ దగ్గర కుళ్లాయప్ప నిలబడి "నాయనా" అని పిలుస్తాడు. నేను పడ్డదంతా ఆ బిడ్డ పడాలి. నాగేంద్రకు చెబితే, "ఈసారి పోయినప్పుడు మొగం మీదే చెప్పు, నేను మీ అమ్మను కాదని. అష్టే" అన్నాడు. వాళ్ళ ఊరివాళ్ళకు ఏ చిక్కయినా కన్నడంలో 'అంతే' అనే ఒక్క ముక్కతో తెగిపోతుంది.

మొన్న సోమవారం పొద్దున కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. యాభై దాటినవాడు, నన్ను అవ్వా అంటాడు.

"అవ్వా, ధర్మవరం ఆసుపత్రోళ్ళు నాయనను ఇంటికి తీసకపొమ్మన్నారు. నిన్నే పిలుస్తాండాడు. రా అవ్వా."

హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగి ఆటోలో ఊరు చేరాను. దారి పొడవునా ఒకటే మాట వల్లెవేసుకున్నాను. నేను మీ అమ్మను కాను, నా బిడ్డ నువ్వు కావు. ఓబన్న ఇంటి ముందు మా నాయన నిలబడి ఉన్నాడు.

"మాట జారొద్దు పాపా. పోయే మనిషని జాలిపడి అబద్ధం చెప్పినావనుకో, అది నీకే అంటుకుంటాది."

"నిజం చెప్పేదానికే వస్తి నాయనా" అన్నాను.

లోపలికి పోబోతుంటే వెంకటక్క చేయి పట్టి పెరట్లో గొర్రెల దొడ్డి దగ్గరకు లాక్కుపోయింది.

"నిజం చెప్పేదానికి వచ్చినావని నీ మొగంలోనే తెలుస్తాంది. చెప్పు. చెప్పేముందర నా నిజం గూడా యిను పాపా."

పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చి బండ మీద పరిచింది. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచును బూడిదలో అద్దింది. దాని పైన ఐదు వేళ్ళ కొసలతో ఐదు చుక్కలు పెట్టింది. పసిబిడ్డ పాదం! కొడవలి తెగి వంకరపోయిన వేలు ఆమెది, అందుకని చివరి చుక్క మాత్రం కాస్త ఎడంగా పడింది.

"హిందూపురంలో కోమటోళ్ళ ఇండ్ల ముందర కృష్ణాష్టమికి ఇట్ల పిండితో ఏస్తారు. చిన్నప్పుడు చూసి నేర్చుకున్యా. మా యత్త గంప కింద ఏసింది నేనే."

నేను వంగి ఆ ఐదు చుక్కలూ మళ్ళీ లెక్కపెట్టాను.

"ఆ రెండు దినాలు కుళ్లాయప్ప నాయన మెతుకు ముట్టల్యా. మా యమ్మ దప్పికతో పోయింది, దయ్యమై తిరుగుతాంటాది అని బావి గట్టు మింద పోయి నిలబడతాండె. మనిషి జన్మే ఎత్తిందని చూస్తే బతుకుతాడనుకుంటి. అంతే పాపా. ఆ బిడ్డ ఎవురని ఎతకతారని నాకేం తెలుసు? ఆ పొద్దే నువ్వు పుట్టింటావని నాకేం తెలుసు?"

"ఇరవై ఏడేండ్లు!" అని అరిచాను. "ఒక్కనాడన్నా చెప్పకపోతివే!"

"చెప్తే మళ్ళా బావి కాడికి పోతాడని భయం. నిన్ను అత్తా అని పిలిస్తే ఇంకా పాపమని భయం. ఇంగ నీ ఇష్టం. చెప్పేసేయ్."

ఆమెను కొట్టాలనిపించింది. చేతిలోకి తాళం చెవి వచ్చినట్టూ అనిపించింది. ఆ బండ మీది పాదాన్ని కాలితో చెరిపేశాను.

"నేను చెప్పినా చెప్పకపోయినా నాకు ఒక్కటి కావల్ల అవ్వా. ఓబన్న గంప కింద బిడ్డ పాదం పడకూడదు. గొర్రెపిల్ల డెక్క అద్దు. బతుకంతా గొర్రెల్లోనే ఉండాడు, ఎవురైనా నమ్ముతారు. నా బిడ్డను ఇడిసిపెట్టండి."

వెంకటక్క దొడ్డిలోని గొర్రెపిల్లల వైపు చూసింది. "సరే పాపా. అట్లే కానీ" అంది.

ఆ మాటతోనే నాకు గుండె కుదుటపడింది. నా బిడ్డ బయటపడింది, ఇక నా సంగతి చూసుకుందామని లోపలికి పోయాను.

ఓబన్న నులకమంచంలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. పెదవులు పగిలిపోయాయి. నీళ్ళు పోస్తే పొరబోతున్నాయని నిన్నటినుంచీ గుడ్డ తడిపి అద్దుతున్నారట. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"అమ్మా... వచ్చినావా. నీళ్ళు తాగినావా?"

గొంతు తడుపుకోలేని మనిషి నన్ను నీళ్ళు తాగావా అని అడుగుతున్నాడు. ఎన్నో చావులు చూసిన నర్సును నేను. కానీ ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. నేను మీ అమ్మను కానని నోటిదాకా వచ్చింది. ఆ కళ్ళలో చూస్తూ అనలేకపోయాను. ఈ మాట అడిగినప్పుడల్లా అతన్ని కసురుకున్న పదేళ్ళప్పటి నన్ను తలుచుకుంటే సిగ్గేసింది కూడా.

"తాగినా నాయనా" అన్నాను. "కడుపునిండా తాగినా. దప్పిక తీరిపోయింది. నీ మింద నాకేం కోపం ల్యా. మన్నించినా."

గుమ్మంలో మా నాయన నిలబడి అంతా విన్నాడు. కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఓబన్న మర్నాడు పొద్దెక్కేలోపల పోయాడు. మొహం నెమ్మదిగా ఉందని అందరూ అన్నారు.

పొలంలో తల్లి పక్కనే పూడ్చారు. నేను మా నాయన ఇంట్లోనే ఉండిపోయాను. గంప తీసేది నా కళ్ళతో చూసి పోవాలి. మూడోనాటి సాయంత్రం వెంకటక్క తానే బూడిద జల్లించి పరిచిందని విన్నాను. ఆమె చంకలో గొర్రెపిల్లను కూడా చూశాను. నిశ్చింతగా పడుకున్నాను.

తెల్లవారి ఇంటి నిండా జనం. మా నాయన కూడా వాకిట్లో నిలబడ్డాడు. కుళ్లాయప్ప దణ్ణం పెట్టుకుని గంప ఎత్తాడు.

పసిబిడ్డ పాదం. ఐదు వేళ్ళు. చివరి వేలు కాస్త ఎడంగా.

"మా నాయన మనిషి జన్మే ఎత్తినాడు!" అని కుళ్లాయప్ప గట్టిగా ఏడ్చాడు. ఓబన్న కోరిక ఊరందరికీ తెలుసు. అందరి చూపులూ ఒకేసారి నా కడుపు మీదకు తిరిగాయి. ఎవరో చేతులు జోడించారు. జనాన్ని తోసుకుని పోయి వెంకటక్కను గోడ మూలకు లాగాను.

"మాటిచ్చినావు గదా!"

"ఇస్తిని. పిల్లను పట్టుకొస్తిని. దాని కాలు బూడిదలో పెట్టబోతిని గూడా." రెండు చేతులూ నా ముందు చాపింది. "గొర్రెపిల్ల యాడికి పోతాదో నాకు తెల్దా పాపా? నలభై ఏండ్లు ఈ చేతుల్తోనే సంతకు తోలినా. కోసే వాని చేతికి ఆయప్పను ఎట్ల పట్టిచ్చేది?"

"అది ఉత్త బూడిద గదా! ఏసేది నువ్వే గదా! నీకు తెలుసు గదా!"

"తెలుసు. తెలిసి గూడా చెయ్యి రాల్యా."

ఇక్కడే, ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాను. మీరంతా మొక్కుతున్నది ఈమె పిడికిలికి అని అరుద్దామనుకున్నాను. వెనక్కి తిరిగేసరికి కుళ్లాయప్ప చెంబుతో ఎదురుగా ఉన్నాడు.

"నీళ్ళు తాగు అవ్వా. ఇంగ నువ్వు దప్పిక మింద ఉండకూడదు."

మా నాయన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. మొన్న ఆ మంచం దగ్గర నా నోటితో నేనే ఒప్పుకున్నాను కదా, ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు? కడుపులో బిడ్డ కదిలింది.

వెంకటక్క బూడిద అంటిన చేయి తెచ్చి నా కడుపు మీద మెల్లగా పెట్టింది.

"నా మొగున్ని బాగ సాకు అత్తా" అంది.

ఇరవై ఏడేళ్ళలో ఆమె నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. నేను చెంబు అందుకుని నీళ్ళు తాగాను.