చెంప మీద మచ్చ

నిగార్ ఎడమ చెవికి ఇక వినపడదని డాక్టరు చెప్పిన రోజున, ఆమె పెద్దమ్మ ఖుద్సియా ఆ గదిలోనే గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుని ఉంది.

"కర్ణభేరి చిరిగింది. వెంటనే తీసుకొచ్చి ఉంటే మానిపోయేది. ఇప్పుడు చీము లోపలికి దిగిపోయింది. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అన్నాడు డాక్టరు.

నిగార్ తల్లి ఫహ్మీదా కూతురి వంక తిరిగింది. "తలుపు తగిలిందన్నావు కదే నాతో!"

"అలాగే కదమ్మీ చెప్పాలి" అంది నిగార్, నేల చూస్తూ.

భర్త వఖాస్ కొట్టాడని అప్పటికి గాని ఫహ్మీదాకి అర్థం కాలేదు. ఖుద్సియాకి మాత్రం ఆ అబద్ధం వినగానే అర్థమైంది. అది ఆమె రాసిన అబద్ధమే.

ఖుద్సియా నాజిమాబాద్‌లోని ఆడపిల్లల బడిలో చాలాకాలం ఉర్దూ చెప్పింది. తర్వాత టీవీకి డ్రామాలు రాయడం మొదలుపెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. విధవరాలైన చెల్లెల్నీ, నిగార్‌నీ తన దగ్గరే ఉంచుకుని, ఆ పిల్లకి చదువు చెప్పించి, పెళ్ళి కూడా తానే చేసింది. అందుకని ఆ ఇంట్లో ఏ విషయమైనా చివరికి ఖుద్సియా ఏమంటుందోనని చూసేవారు.

కిందటి చలికాలం ఆమె డ్రామా వచ్చినన్నాళ్ళూ, మంగళవారం ఎనిమిది గంటలయ్యేసరికి ఆడవాళ్ళు రొట్టెల పని ముగించుకుని టీవీ ముందు చేరేవారు. అందులో మాహ్‌రుఖ్ అనే కోడల్ని భర్త అతిథుల ముందు చెంపమీద కొడతాడు. ఖుద్సియా మొదట రాసినప్పుడు మాహ్‌రుఖ్ ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు.

నిర్మాత చదివి కాగితాలు పక్కన పెట్టాడు. "బాజీ, బాగా రాశారు. కాని ఇల్లు వదిలిన ఆడదాన్ని మన ఆడవాళ్ళే ఒప్పుకోరు. చానల్ మార్చేస్తారు. ఆ పిల్లని ఇంట్లోనే ఉంచండి. ఆఖరి ఎపిసోడులో వాణ్ణి కాళ్ళమీద పడేసి ఏడిపిద్దాం, సరేనా?"

ఆ మధ్యాహ్నమే ఆమె మార్చి రాసింది. మాహ్‌రుఖ్ చెంప మీద మచ్చ చూసి తల్లి అడుగుతుంది. తలుపు తగిలిందంటుంది మాహ్‌రుఖ్. తల్లి నమ్మదు. అప్పుడు మాహ్‌రుఖ్ అంటుంది: "చెంప మీద మచ్చ నాలుగు రోజుల్లో పోతుందమ్మీ. ఇంటి మీద పడ్డ మచ్చ ఎప్పటికీ పోదు."

ఆ మాట రాయమని ఆమెను ఎవరూ అడగలేదు. దానంతట అదే వచ్చింది. వచ్చినందుకు ఆమె సంతోషించింది. ఒక్కతే ఉన్న గదిలో రెండుసార్లు పైకి చదువుకుంది కూడా. తర్వాత ఆ మాట బ్యూటీ పార్లర్లలో వినపడింది, పెళ్ళివారింట్లో అప్పగింతల వేళ వినపడింది. ఒక రిక్షా వెనక నెమలి బొమ్మ కింద రంగుల్లో కనపడింది. ఆ రిక్షా సంగతి ఆమె నిగార్‌కి ఫోన్ చేసి మరీ చెప్పింది.

చెంప మీద మచ్చ నిజంగానే నాలుగు రోజుల్లో పోయిందట. ఆసుపత్రి నుంచి వస్తూ ట్యాక్సీలో నిగార్ చెప్పింది.

తల్లి ఆ పిల్లని అత్తింటికి తిరిగి పంపకుండా తనతో తీసుకొచ్చింది. వారం తిరక్కుండానే వఖాస్ తల్లి షమీమ్ బేగం కొడుకుని వెంటబెట్టుకుని, మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చింది.

"మీ మేడమెట్లు పాడుగాను! లిఫ్టు ఉందంటారు, అది నడవడం నేనొక్కనాడూ చూళ్ళేదు. నా మోకాళ్ళకి ఏమన్నా అయితే ఆ ఖర్చు కోడలి మీదే రాస్తాను" అంటూ సోఫాలో కూలబడింది. "ఏదీ మా పిల్ల? ఇటు రా తల్లీ. అయ్యో, ఎంత చిక్కిపోయావు! మీ అమ్మ తిండి పెట్టడంలేదా, లేక నా మీద బెంగా?"

ఫహ్మీదా చాయ్, కబాబులు తెచ్చి పెట్టింది. మర్యాదకి లోటు రానివ్వలేదు.

వఖాస్ కప్పు పట్టుకుని, "కోపంలో చెయ్యి లేచింది ఖాలా. చెవికి మిషన్ పెట్టిస్తాను. ఊళ్ళో ఉన్నవాటిలో మంచిది" అన్నాడు ఖుద్సియాతో.

"పెట్టించకపోతే నేనూరుకుంటానా?" అంది షమీమ్. "అయినా ఒక చెవి పోతే దానికే సుఖం. నా సాధింపు సగమే చేరుతుంది!"

తన మాటకి తనే నవ్వింది. వఖాస్ నవ్వాడు. ఒక క్షణం ఆలస్యంగా నిగార్ కూడా నవ్వింది. ఏం అన్నారో వినపడక, అందరూ నవ్వుతున్నారని నవ్వింది.

షమీమ్ చాయ్ ముగించి దుపట్టా అంచుతో కళ్ళొత్తుకుంది. "నాకు చదువు లేదు ఖుద్సియా బాజీ. మీరు రాసిందే మీకు అప్పజెబుతాను. చెంప మీద మచ్చ నాలుగు రోజుల్లో పోతుంది, ఇంటి మీద పడ్డ మచ్చ ఎప్పటికీ పోదు. అది టీవీలో వచ్చిన రోజు ఎంత ఏడ్చానో వీణ్ణడగండి. నా కోడలు ఆ పెద్దమ్మ చేతిలో పెరిగిందని వీధంతా చెప్పుకున్నాను."

ఆమె కళ్ళలో ఉన్నది వేళాకోళం కాదు. నిజంగా గౌరవమే. అందుకే ఖుద్సియా ఆమె వంక చూడలేకపోయింది.

నిగార్ కొంచెం ముందుకి జరిగి, కుడి చెవి పెద్దమ్మ వైపు తిప్పింది.

"ఖాలా, నువ్వు చెప్పు. వెళ్ళనా?"

వెళ్ళొద్దు అంటే సరిపోయేది. ఆ పిల్లకి ఈ ఇంట్లో మంచం ఉంది, తిండి ఉంది. కాని ఆ మాట అంటే, మరి రాసిందేమిటని షమీమ్ అడుగుతుంది. నేను రాసింది అబద్ధమని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఊరంతా మెచ్చుకున్న మాటను కాదనాలి. అందుకు ఖుద్సియాకి నోరు రాలేదు.

"నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి బేటా" అంది.

బడిలో ఏ పిల్లయినా ఇలాంటి జవాబు చెబితే, ఇది జవాబు కాదు, నిలబడు అనేది ఆమె.

"నా మనసుకి తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను ఖాలా?" అంది నిగార్. ఇక లేచి బట్టలు సర్దుకోవడానికి వెళ్ళింది. గదిలోంచి బయటికి వచ్చాక షమీమ్ తను తెచ్చిన ఎర్ర దుపట్టా ఆ పిల్ల తలమీద కప్పి, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఫహ్మీదా వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది.

ఖుద్సియా కిందిదాకా దిగింది. కారు మెట్లకి ఆనుకునేంత దగ్గరగా ఆగి ఉంది. నిగార్ వెనక సీటులో ఎడమ కిటికీ పక్కన కూర్చుంది. షమీమ్ ఇంకా మెట్లు దిగుతూ మోకాళ్ళని తిట్టుకుంటోంది. వఖాస్ డిక్కీలో పెట్టె పెడుతున్నాడు. వినేవాళ్ళెవరూ లేరు.

ఖుద్సియా కిటికీలోకి వంగింది. "వెళ్ళకు నిగార్" అంది మెల్లగా. "నేను రాసింది తప్పు. దిగిపో."

నిగార్ ఎదుటి అద్దంలోంచి ముందుకే చూస్తోంది. నీడ పడినట్టయి తల తిప్పి, పెద్దమ్మ వంగి ఉండటం చూసి, దీవిస్తోందనుకుని తల వంచింది. ఖుద్సియా చెయ్యి దుపట్టా మీద ఆనించింది. షమీమ్ వచ్చి అవతలి తలుపు తీసుకుని ఎక్కింది. కారు కదిలింది.

ఏ చెవి పోయిందో ఖుద్సియాకి తెలియదనడానికి వీల్లేదు. డాక్టరు చెప్పినప్పుడు ఆమె ఆ గదిలోనే ఉంది. అవతలి వైపుకి వెళ్ళాలంటే కారు చుట్టూ నాలుగడుగులు వేస్తే చాలు. అప్పుడు డిక్కీ దగ్గరున్న వఖాస్ చూసేవాడు, ఎక్కడానికి అటే వస్తున్న షమీమ్ వినేది.

ఆ డ్రామా మంగళవారాల్లో మళ్ళీ వేస్తున్నారు. నిర్మాత కొత్త కథ అడుగుతున్నాడు. మిషన్ కొన్నారని నిగార్ ఫోన్లో చెప్పింది, అది పెట్టుకుంటే గాలి హోరు తప్ప ఏమీ వినపడదంది. ఖాలా, ఆ రోజు కారు దగ్గర ఏ దువా చదివి దీవించావని అడిగింది.

ఆ అడిగినదానికి ఖుద్సియా ఇంకా జవాబు చెప్పలేదు.